నా మాకరూన్లూ, భట్టీ మామ రేకులూ

ఆ రోజుల్లో ఆదోనిలో ఎవరింట్లోనూ ఓవెన్ ఉండేది కాదు పిల్లలూ. కట్టెల పొయ్యి, పొట్టు పొయ్యి, కాస్త కలిగినవాళ్లకి కిరసనాయిలు స్టవ్వు, అంతే. అయినా క్రిస్మస్ వచ్చిందంటే మా వీధిలో ప్రతి ఇంట్లోనూ కేకు ఉండేది. ఇప్పుడు మీకు బటన్ నొక్కితే వేడి వస్తుంది, ఇంకోటి నొక్కితే ఆగుతుంది, మధ్యలో ఎవరి దయా అక్కర్లేదు. మాకు ఆ వేడి ఒక మనిషి దగ్గర ఉండేది. ఆ మనిషికి నేను చేసిన అన్యాయాన్ని గురించి ఎవరికీ చెప్పకుండానే ఇన్నేళ్లు గడిపేశాను. నవ్వొచ్చే సంగతే, నవ్వండి. ఫోనులో చెబుదామంటే మీరు మధ్యలో నవ్వేస్తారు, నేను అక్కడితో ఆపేస్తాను, మిగతాది మళ్లీ నాలోనే ఉండిపోతుంది. అందుకే రాస్తున్నాను.

దీనంతటికీ కారణం మన చిన్నది పుణే నుంచి పంపిన అట్టపెట్టె. అందులో పన్నెండు మెకరాన్లు, నడుమ క్రీము పెట్టి అతికించిన చిన్న గుండ్రటి తీపి బిళ్లలు. ఒకదాని మీద ఎర్రటోపీ తాత ముఖం, ఒకదాని మీద మంచుబొమ్మ, ఒకదాని మీద నక్షత్రం. గోరింటాకు కోన్‌తో పెట్టినంత సన్నగా గీసింది. (ఈ పిల్ల చిన్నప్పుడు అ, ఆలు దిద్దమంటే పలక పగలగొట్టింది. నేను మరిచిపోలేదు.) ఫోను చేసి, "అవ్వా, ఇలాంటివి నువ్వెప్పుడైనా చూశావా?" అని అడిగింది. "లేదు నాన్నా, మాకేం తెలుసు ఇవన్నీ" అనేశాను. అది అబద్ధం. వీటి విషయంలో నేను ఆడిన రెండో అబద్ధం. మొదటిది ఆడి యాభై ఏళ్లు దాటింది.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. ఎమ్మిగనూరులో ఒక చిన్న బడిలో కొత్తగా టీచరుగా చేరాను. వారమంతా అక్కడ, శనివారం సాయంత్రం బస్సెక్కి ఆదోనిలో అమ్మ దగ్గరికి. మా హెడ్‌మిస్ట్రెస్‌ను మేము గంట టీచరమ్మ అనేవాళ్లం, బడిగంట వేరేవాళ్లు కొడితే ఆమెకు నమ్మకం ఉండేది కాదు కాబట్టి. ఆమెది తూత్తుకూడి వైపు. సెలవులకు ఊరెళ్లి వచ్చి నా చేతిలో ఒక తెల్లటి, కొనదేలిన బిళ్ల పెట్టింది. "మాకరూన్" అంది. నోట్లో వేసుకున్నాను, నమలబోయేసరికి అది లేదు! జీడిపప్పు వాసన మాత్రం మిగిలింది. (మన చిన్నది చేసే రెండు చిప్పల మెకరాన్ వేరు, ఇది వేరు అంటుంది. కానివ్వండి, రెండూ తెల్లసొన నురుగుతో పుట్టిన అక్కచెల్లెళ్లే.) ఎట్లా చేస్తారని అడిగితే గంట టీచరమ్మ, "తెల్లసొన నురుగొచ్చేదాకా కొట్టాలి. గిన్నెను తలకిందులు చేస్తే కింద పడకూడదు. పడిందంటే నువ్వింకా కొట్టలేదని అర్థం" అంది. చక్కెర ఎంత, జీడిపప్పు పొడి ఎంత, అన్నీ నోటుపుస్తకంలో రాయించింది. చాలా మెల్లని వేడి కావాలని కింద రెండు గీతలు కూడా గీయించింది.

రాసుకుని ఊరుకుంటే ఈ కథ లేదు. డిసెంబరు మొదటి ఆదివారం మా ఆదోని చర్చిలో ఆడవాళ్లందరం కూర్చుని పండగ మధ్యాహ్నం టీకి ఎవరు ఏ పలహారం తేవాలో చెప్పుకుంటున్నాం. కజ్జికాయలు ఒక అత్తవి. ఆమె ఉండగా ఇంకెవరూ కజ్జికాయ చేసే సాహసం చేయరు, అందుకే ఆమె పేరే కజ్జికాయలత్త. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, "టీచరమ్మా, నువ్వేం తెస్తావు? సుద్దముక్కలా?" అంది. అందరూ నవ్వారు. మా అమ్మ కూడా నవ్వింది. నాకు కాలింది. "ఆదోనిలో ఇంతవరకూ ఎవ్వరూ చేయనిది తెస్తా. వంద తెస్తా. ఒక్కో దాని మీద ఒక్కో బొమ్మ పెట్టి తెస్తా" అన్నాను. అమ్మ నా చెయ్యి గిల్లింది. ఇంటికొచ్చాక, "జొన్నరొట్టె తిప్పితే ముక్కలైతాది నీకి. వందంట, బొమ్మలంట! ఏంటికే నీకీ గొప్పలు?" అంది.

ఇప్పుడు ఆ వేడి ఉన్న మనిషిని గురించి చెప్పాలి. పత్తిమిల్లుకు పోయే దారిలో, మా వీధి చివర ఆయన బేకరీ. బేకరీ అని ఎవరూ అనేవాళ్లు కాదు, భట్టీ అనేవాళ్లం. ఆయన మాకందరికీ భట్టీ మామ. గదంత ఇటుకల పొయ్యి, అందులో తుమ్మమొద్దులు, అవి రాజుకోవడానికి ఎండు పత్తికట్టెలు. మామూలు రోజుల్లో రొట్టెలూ బన్నులూ కాల్చి అమ్మేవాడు. పండగలొస్తే మాత్రం పొయ్యి ఊరిది. మైదా, చక్కెర, డాల్డా, గుడ్లు మేము గిన్నెల్లో తీసుకుపోతే, ఆయన కలిపి కాల్చి ఇచ్చేవాడు. రంజాన్‌కు వాళ్లవాళ్ల బిస్కట్లు, పెళ్లిళ్లకు రెడ్లిళ్లవీ బోయలిళ్లవీ, డిసెంబరులో మా కేకులు. అందరి పిండీ ఆ ఒక్క పొయ్యిలోనే పొంగేది. భట్టీ ముందు పొడవాటి బెంచీ ఒకటి ఉండేది. మా వంతు వచ్చేదాకా ఆడవాళ్లం దాని మీద కూర్చుని ఊళ్లో సంగతులన్నీ కాల్చేవాళ్లం.

మామకు పొయ్యి కంటే ముద్దు తన రేకుల మీద. పిండి పరిచి కాల్చే ఆ ఇనపరేకుల్ని రోజూ బూడిదేసి తోమి, కడిగి, ఎండకు నిలబెట్టేవాడు. ఎవరైనా కొత్తవాళ్లొస్తే, "చూడమ్మా, నా రేకులో మొగం సూసుకోవచ్చు. అద్దం కొనాల్సిన పన్లేదు" అనేవాడు. మేం బొట్టూ కాటుకా దిద్దుకోం కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ రేకుల ముందు వరస కట్టేవాళ్లం. ఆయన కూతురు నాతో బడిలో చదువుకుంది. చిన్నప్పుడు ఎప్పుడు చూసినా చేతిలో బన్ను ఉండేది కాబట్టి అందరూ దాన్ని బన్ను అనే పిలిచేవాళ్లు. నా పక్క బెంచీలో నాకు సగం బన్ను ఇచ్చిన స్నేహితురాలు.

నా వంద బిళ్లల మాట విని మామ పగలబడి నవ్వలేదు. పొయ్యి వైపు చూసి ఆలోచించాడు. "మెల్లని వేడి అంటే... పొద్దున్న రొట్టె దిగి, కేకులు దిగినాంక, పదకొండు గంటలప్పుడు పొయ్యి సల్లబడతా వస్తాది. ఆ గంట నీకి పెడతా బేటీ. ఇంగెవరికీ ఇయ్యను. ఇరవైమూడో తేదీ వచ్చేయ్" అన్నాడు. పండగకు రెండు రోజుల ముందు, బెంచీ నిండా జనం ఉండే రోజున, ఒక గంట పొయ్యిని నా ఒక్కదానికి ఇవ్వడం అంటే ఏమిటో అప్పుడు నాకు తెలియలేదు.

ఇరవైమూడు రానే వచ్చింది. అమ్మ చర్చికి రంగుకాగితాలు అంటించడానికి పోయింది. నేను వంటింట్లో రెండు డజన్ల గుడ్లు పగలగొట్టి తెల్లసొన వేరుచేశాను. (పచ్చసొనలన్నీ కూర చేస్తే మా నాయన మూడు రోజులు తిని, నాలుగో రోజు మిల్లు నుంచి వస్తూ వాకిట్లోనే, "ఈ పొద్దు ఏం కూర?" అని అడిగి, సమాధానం విన్నాకే లోపలికొచ్చాడు.) జీడిపప్పు చాలక శెనక్కాయ విత్తనాలు సగం కలిపి పొడి కొట్టాను. బీట్‌రూట్ రసం తీసి పెట్టుకున్నాను. బొమ్మలకు రంగురంగుల చక్కెర పూత సోంపు బిళ్లలు. అన్నీ సిద్ధం. ఇక తెల్లసొన కొట్టాలి. దేనితో? ఇంట్లో చిలికే వస్తువు ఒక్కటే, మజ్జిగ కవ్వం. తరతరాల వెన్న పీల్చి నిగనిగలాడే కవ్వం. తెల్లసొనకు జిడ్డు తగిలితే చచ్చినా నురుగు రాదని మన చిన్నది చెప్తే ఈ మధ్యనే నాకు తెలిసింది. గంట టీచరమ్మ ఆ ముక్క చెప్పలేదు. ఆమె ఇంట్లో మజ్జిగ ఉండేది కాదేమో.

గంటసేపు చిలికాను. అరచేతులు ఎర్రబడ్డాయి. గిన్నెలో తెల్లసొన కాస్త నీరసంగా నవ్వి మళ్లీ పడుకుంది. బోర్లించి చూద్దామని కొంచెం వంచానో లేదో, బుళక్కున కాస్త పాదాల మీద పడింది. పది కావస్తోంది. పదకొండుకు పొయ్యి నాది. కజ్జికాయలత్త ముఖం, "సుద్దముక్కలా?" అన్న గొంతు, రెండూ గిన్నెలో కనబడుతున్నాయి. కాళ్లు కడుక్కుందామని పెరట్లోకి పోయాను. అక్కడ రోటి పక్కన, ఆ మధ్యాహ్నం ఇంటిల్లిపాది తలంట్లకు అమ్మ నానబెట్టిన కుంకుడుకాయలు. అప్పుడే పిసికి పెట్టి పోయినట్టుంది. చెంబు అంచు దాటి తెల్లగా, గట్టిగా, మిల్లుకు పోయే పత్తిబండిలాగా నురుగు!

పిల్లలూ, మీ అవ్వ టీచరు. పిల్లలకు లెక్కలు చెప్పేది. ఆ బుర్రతోనే ఇట్లా ఆలోచించింది. కుంకుడుకాయ సబ్బు కాదు. చెట్టుకు కాసేదే. నిమ్మకాయా చెట్టుకు కాసేదే. నిమ్మరసం వేస్తారు కదా, ఇది మాత్రం ఏం పాపం చేసింది? పైగా చక్కెర అంత పోస్తున్నాం, కొంచెం చేదుంటే మాత్రం ఎక్కడ తెలుస్తుంది? ఒక గంటె పోశాను. కవ్వం రెండు తిప్పులు తిప్పేసరికి తెల్లసొన లేచి కూర్చుంది. రెండో గంటెకు నిలబడింది. మూడో గంటె ఎందుకు పోశానో చెప్పలేను, ఆశ. గిన్నె ఎత్తి బోర్లించాను. పడలేదు. పొగరెక్కి నా తల మీదే బోర్లించి పట్టుకున్నాను. చుక్క జారలేదు. నడి వంటింట్లో తల మీద గిన్నెతో నేను ఒక్కదాన్నే నవ్వుకుంటూ నిలబడ్డాను.

భట్టీ దగ్గర బెంచీ నిండా జనం. మామ అందరినీ ఆపి, బాగా తోమిన రేకులు నాలుగు ఏరి తెచ్చాడు. నేను కాగితం పొట్లానికి చిల్లు పెట్టి వంద బిళ్లలు పిండాను. సగం తెల్లవి, సగం గులాబీరంగువి. ఒక్కో దాని మీద సోంపు బిళ్లలతో నక్షత్రం, గంట, చిన్న శిలువ. బన్ను పక్కన నిలబడి, "ఇవి తినేవా, పెట్టెలో పెట్టుకునేవా?" అంది. మామ, "మబ్బుల్ని మోసుకొచ్చినావు గదా బేటీ" అన్నాడు. రేకులు లోపల పెట్టి, గంటసేపు పొయ్యి నోరు దగ్గరే వంగి నిలబడ్డాడు. ఒకసారి తలుపు తీస్తాడు, ఒకసారి మూస్తాడు. బన్ను వాళ్ల నాయన్ని "అబ్బా" అని అన్నానికి పిలిస్తే, "ఉండమ్మీ, ఇవి సున్నితమైనివి" అని పోలేదు.

బయటికొచ్చాయి. ఒక్కటి పగలలేదు, ఒక్కటి మాడలేదు. బెంచీ మీది ఆడవాళ్లు లేచి వచ్చి చూశారు. మామ ముఖం నాకంటే ఎక్కువ వెలిగింది. "ఒగటి తినొచ్చునా?" అని అడిగాడు. గర్వంగా ఒకటి తీసి ఇచ్చాను. నోట్లో వేసుకున్నాడు. దవడ ఒకసారి కదిలి ఆగిపోయింది. నా వైపు చూశాడు. తర్వాత మెల్లగా నమిలి, మింగి, కుండలో నీళ్లు ముంచుకుని తాగాడు. తాగి మళ్లీ ముంచుకున్నాడు.

"ఎట్లుండాది మామా?"

"కాలింది బాగ కాలింది. నువ్వు తినలేదా?"

"ప్రార్థన కాకముందు పండగ పలహారం మేం ముట్టం మామా." మా ఇంట్లో అది గట్టి పద్ధతి. రుచి చూడడం కూడా తప్పే.

"అయితే అయిందిలే. ఒగటి నోట్లో ఏసుకో."

"వద్దు మామా."

"దేవుడేమనుకోడు బేటీ. నలుగురికీ పెట్టేది. ఒగటి తిని పో."

ఆ రెండోసారి నాకు కోపం కూడా వచ్చింది, మా పద్ధతి చెప్పినా వినడేమిటని. బెంచీ మీద అంతమంది వింటుండగా ఆయన అంతకంటే ఏం చెప్పగలడు? ఆయన నాకు తప్పించుకునే తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. నేను దాన్ని భక్తితో మూసేసి, డబ్బా చంకన పెట్టుకుని ఇంటికొచ్చాను.

పండగ రోజు మధ్యాహ్నం చర్చి ఆవరణలో పందిరి కింద బల్ల పరిచారు. నా పళ్లెం పక్కన కజ్జికాయలు వెలవెలబోయాయి. పాస్టరు అయ్యగారు "చిన్న ప్రార్థన చేసుకుందాం" అని చాలాసేపు చేశారు. ఆయన కూడా ఒక కన్ను తెరిచి నా పళ్లెం వైపు చూడడం నేను చూశాను. (నేనూ ఒక కన్ను తెరిచే ఉన్నాననుకోండి.) ఆమెన్ అనగానే అందరి చేతులూ నా పళ్లెం మీదికే వచ్చాయి. అయ్యగారు ఒకేసారి రెండు వేసుకున్నారు. తర్వాత పందిరి కింద మాట ఆగిపోయింది. సంఘం ఉమ్మడానికి లేదు, అయ్యగారు నములుతున్నారు. అయ్యగారు ఉమ్మడానికి లేదు, సంఘం చూస్తోంది. పాపం, ఆయన వేడి టీ గటగటా తాగేశారు. అదే పొరపాటు. టీ తగలగానే లోపల మిగిలిన నురుగు మేలుకున్నట్టుంది. "దేవుడు..." అని ఏదో అనబోయారు, పెదవి మీద చిన్న బుడగ పుట్టి, పగిలింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"సబ్బు!" అని అరిచింది కజ్జికాయలత్త. "మొగం కడుక్కుంటాంటే నోట్లోకి పోతాది సూడు, అదే! అచ్చం అదే!"

అమ్మ నా దగ్గరికొచ్చింది. "ఏమి కలిపినావే?"

"గుడ్లు, చక్కెర, జీడిపప్పు..."

"ఇంగ?"

"ఇంగేం లేదు."

"మరి సబ్బు యాడ నుంచి వచ్చె?"

అందరూ చూస్తున్నారు. ఒక్క మాట, కుంకుడుకాయ అంటే చాలు. పది రోజులు నవ్వేవాళ్లు, నాకు కుంకుడుకాయ టీచరమ్మ అని పేరు పెట్టేవాళ్లు, ఆ తర్వాత మరిచిపోయేవాళ్లు. ఇప్పుడు ఎంత తేలిగ్గా రాస్తున్నాను! ఆ పూట ఆ నవ్వు నాకు చావులా కనిపించింది. నేల చూస్తూ, "రేకులు భట్టీలోవి కదా..." అన్నాను. వాక్యం పూర్తి కూడా చేయలేదు. పూర్తి చేయడానికి అక్కడ చాలామంది ఉన్నారు. "అదీ సంగతి! సబ్బుపొడేసి తోమి కడగకుండా పెట్టినాడు!" అంది కజ్జికాయలత్త. సంఘమంతా హమ్మయ్య అనుకుంది. అమ్మ ఒక్కతే నా ముఖంలోకి ఇంకాసేపు చూసింది.

మర్నాడు ఐదారుగురు ఆడవాళ్లు భట్టీకి పోయారు. అమ్మ నన్నూ వెంట పెట్టుకుపోయింది. కజ్జికాయలత్త అడగాల్సినవీ అడగకూడనివీ అన్నీ అడిగింది. మామ చేతులకు పిండితోనే బయటికొచ్చి వింటూ నిలబడ్డాడు. మధ్యలో ఒక్కసారి వాళ్ల భుజాల మీదుగా నా వైపు చూశాడు. కోపంగా కాదు. పాఠం అడిగి, సమాధానం కోసం టీచరు ఆగుతుంది చూడండి, అట్లా. పందొమ్మిదేళ్ల టీచరమ్మను, అమ్మ కొంగు వెనక్కి జరిగాను. ఆయన ఇంకొంచెంసేపు ఆగాడు. ఆగి, "తప్పు నా రేకుదే అయ్యుంటాది సెల్లెమ్మా. మాఫ్ సెయ్యండి" అన్నాడు.

కొత్త సంవత్సరానికి కూడా మా ఇళ్లలో కేకులుంటాయి. ఆ ఏడు మావాళ్లెవరూ పిండి అక్కడికి తీసుకుపోలేదు. బస్టాండు దగ్గర ఇంకో బేకరీకి పోయారు. నేను ఎమ్మిగనూరు బస్సుకు సంచి పట్టుకుని పోతుంటే బెంచీ ఖాళీగా ఉంది. దాని పక్కన వీధిలో, అందరికీ కనబడేట్టు, మామా బన్నూ కూర్చుని రేకులన్నీ తోముతున్నారు. అంతకుముందు లోపల తోమేవాళ్లు. మామ తలెత్తలేదు. బన్ను నన్ను చూసి లేచింది.

"ఏమే, బస్సుకా?"

"ఊ."

అది చేతిలోని రేకు కడిగి, పైటతో తుడిచి నా ముందు పట్టుకుంది. "నీ మొగం కనపడతాండాదా?"

"కనపడతాంది."

"మురికి యాడన్నా ఉండాదా?"

"లేదు."

"మరి ఎట్ల?"

ఆ రేకులో నా ముఖం చూశాను పిల్లలూ. మామ అన్నది నిజమే, అద్దం అక్కర్లేదు. "నాకేం తెలుసు? బస్సుకు టైమైంది" అని పోయాను. బస్సు కదలడానికి ఇంకా చాలాసేపు ఉంది.

తర్వాత వారం పోదాం, వచ్చే వారం పోదాం అనుకుంటూ ఉండగానే ఎమ్మిగనూరులోనే పెళ్లయింది. ఆదోనికి ఎప్పుడు వెళ్లినా మిల్లు దారి వదిలి చుట్టూ తిరిగి వెళ్లేదాన్ని. ఊరంతా కుంకుడుకాయలు వాడే కాలంలోనే నేను షాంపూ మొదలుపెట్టాను. మీ తాత తన పెళ్లాం చాలా నాగరికం అనుకుని అందరికీ చెప్పుకున్నాడు. ఆయన పోయేదాకా ఆ భ్రమ అట్లాగే ఉంచాను. ఒకసారి బస్సులో ఎవరో, భట్టీ మామ పోయాడని మాటల్లో అన్నారు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆ రోజైనా దిగి వెళ్లొచ్చు. వెళ్లలేదు.

ఇదిగో, చిన్నది పంపిన పెట్టె విప్పి ఒకటి తిన్నాను. ఎక్కడా చేదు లేదు. మిగతా పదకొండూ తినబుద్ధి కాలేదు. మొన్న ఆదివారం ఆ పెట్టె ఒళ్లో పెట్టుకుని ఆదోని బస్సెక్కాను. భట్టీ ఉన్నచోటే ఇప్పుడు అద్దాల తలుపుల బేకరీ, కరెంటు ఓవెన్లు. గల్లాపెట్టె దగ్గర కళ్లజోడు పెట్టుకుని ఒక లావుపాటి ముసలామె. నన్ను చూసి కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుంది.

"టీచరమ్మ గదా?"

బస్సులో దారి పొడుగునా ఏవేవో వాక్యాలు కూడబలుక్కున్నాను. అన్నీ పోయాయి. పెట్టె బల్ల మీద పెట్టి, "కుంకుడుకాయ, బన్నూ. మూడు గంటెలు" అన్నాను.

అది పెట్టె మూత మీద వేళ్లు పెట్టుకుని కూర్చుంది. తర్వాత, "మా అబ్బా నాలుగనుకున్నాడు" అంది.

అని బల్ల వెనక నుంచి ఇవతలికొచ్చింది. స్టూలు లాగి కూర్చోబెట్టింది. "నోట్లో ఏసుకున్నప్పుడే తెలిసిండె ఆయనకి. ఇంట్లో ముగ్గురు ఆడపిల్లోల్లం, కుంకుడు వాసన తెలీదా? మీవాళ్లు వచ్చి అడిగి పోయిన పొద్దే అరిసినా నేను, పోయి సెప్పు అబ్బా, మన పేరు పోతాండాదని. ఆయనేమో, నువ్వు ఊరుకో అమ్మీ, మనం సెప్తే ఆ బిడ్డ అబద్ధం ఆడినట్టయితాది. అదే వచ్చి సెప్తాదిలే, సిన్నపిల్ల అన్నాడు."

"మరి మీ గిరాకీ..."

"వచ్చినారులే, రెండు మూడేండ్లకి మెల్లగ మీవాళ్లంతా వచ్చినారు. గాని పిండి ఇచ్చేముందు రేకు మీద వేలు పెట్టి తడిమి, వాసన సూసి ఇచ్చేవాళ్లు. ఆయన ముందరే. అట్ల తడిమినప్పుడు పక్కకి తిరుక్కుంటాండె మా అబ్బా." గల్లాపెట్టె సొరుగు మూసింది. "ఇంగొగటి సెప్తా విను. ఏటేటా ఇరవైమూడో తేదీ పదకొండు గంటలకి పొయ్యి కాలీగ పెడుతుండె. ఎవరొచ్చినా, ఈ గంట టీచరమ్మది, వస్తాది అంటాండె. కండ్లు కనపడనప్పుడు గూడ నన్ను అడుగుతుండె, వచ్చెనా అని."

నేను ఏడ్చాను. అది ఓదార్చలేదు. "నాకి కోపమే ఉండె. ఇప్పుడూ ఉండాది" అంది. అంటూనే పెట్టె తెరిచి, ఎర్రటోపీ తాతను తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "దీంట్లో ఏం కాయ ఏసినావు?" అంది. "నేను చేయలేదే, మనవరాలు చేసింది" అన్నాను. "అయితే నమ్మొచ్చు" అని నోట్లో వేసుకుని, మొత్తం తిని, వేళ్లు కూడా నాకి, అప్పుడు నా వైపు చూసింది. "ఇరవైమూడు ఎప్పుడొస్తాదో తెలుసు గదా? కరెంటు పొయ్యే గాని, పదకొండుకి కాలీ పెట్టిస్తా. గుడ్లు తీసుకుని రా. ఈసారి రాకపోతే నేను ఎదురుసూడను, మా అబ్బా అంత మంచిదాన్ని కాదు."

కాబట్టి పుణేలో ఉన్న చిన్న టీచరమ్మా, ఇది చదవగానే నాకు అసలు పద్ధతి రాసి పంపు. గిన్నె ఎంత పొడిగా ఉండాలి, చక్కెర ఎప్పుడు పోయాలి, అన్నీ. కవ్వం ముట్టుకోనని మాట ఇస్తున్నాను. సోంపు బిళ్లలు ఇప్పటికే కొని పెట్టాను. డెబ్బై దాటిన చేతులు, ఎంతసేపు కొట్టగలవో తెలియదు, నురుగు నిలబడుతుందో లేదో తెలియదు. ఆ రోజు చర్చి నుంచి కజ్జికాయలత్త కోడల్నీ మనవరాళ్లనీ కూడా రమ్మన్నాను, అందరి ముందూ కుంకుడుకాయ మాట చెప్పాలి కదా. చెప్పాక, ఆ బేకరీ నడిమధ్యలో నిలబడి గిన్నెను బోర్లించి పట్టుకుంటాను. పడితే పడనీ. ఈసారి నా తల మీదే పడుతుంది.